పదకొండేళ్లు ఎదురుగా ఉండి లోపలికి వెళ్లని లైబ్రరీ

శుక్రవారం వచ్చిందంటే నా షాపు ముందు కనీసం ముగ్గురు ఆగుతారు. "ఏమండీ, ఇవాళ లైబ్రరీ తీయరా?" తీయరండీ, శుక్రవారం సెలవు. ఆదివారం తీస్తారు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఇదంతా గోడ మీద బోర్డులో రాసే ఉంది. కాకపోతే బోర్డు కొట్టిన రోజుల్లో మొక్కగా ఉన్న వేప ఇప్పుడు మానయింది, దాని కొమ్మ సరిగ్గా వేళల మీదికి వాలింది. అందుకని వేళలు చెప్పే పని నాకు పడింది.

మా ఊరి శాఖా గ్రంథాలయానికి ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాను. గుంటూరు వైపు, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక మేజర్ పంచాయతీ. ఊరి పేరు రాయను. మంచి ఎంత రాసినా, కింద రాసిన లోపాలు చూసి ఎవరో ఒకరు లైబ్రరీ సారుకు ఫోన్ చేస్తారు. ఆ లోపాలకు ఆయన కారణం కాదు. ఇలాంటి శాఖ మీ ఊళ్లోనూ ఉండి ఉంటుంది కాబట్టి, పేరు లేకపోయినా ఈ రివ్యూ మీకు పనికొస్తుందనుకుంటున్నాను.

నేను లోపలికి వెళ్లింది పుస్తకాల మీద ప్రేమతో కాదు, ఇంటి పన్ను రసీదు వల్ల. కరెంటు మీటరు పేరు మార్పు దగ్గర్నుంచి బ్యాంకు లోను దాకా అందరూ ఇంటి పన్ను రసీదు జిరాక్స్ అడుగుతారు. రోజూ తీస్తూనే ఉంటాను, చదవను. మా రసీదే ఒకసారి అద్దం మీద పెట్టి మూత వేయబోతుంటే "గ్రంథాలయ పన్ను" అన్న వరస కంటబడింది. ఇంటి పన్ను 1,850. గ్రంథాలయ పన్ను 148. లైబ్రరీ సారును రోడ్డు మీదే ఆపి అడిగితే చెప్పారు: 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీలకని వసూలు చేస్తారట. అంటే నేను పదకొండేళ్లుగా ఏటా డబ్బు కడుతున్నాను, ఒక్కరోజూ సరుకు తీసుకోలేదు. వ్యాపారం చేసేవాళ్లకు ఇది ఎంత బాధో చెప్పక్కర్లేదు. ఆ డబ్బు పంచాయతీల నుంచీ మున్సిపాలిటీల నుంచీ గ్రంథాలయ సంస్థకు సరిగ్గా జమ కాకపోవడం పాత గొడవేనని కూడా సారు అన్నారు. అది విన్నాక బాధ రెట్టింపయింది.

సరిగ్గా అప్పుడే వేసవి సెలవులు. మా పాప ఐదో తరగతి అయిపోయి ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంది. లైబ్రరీలో పిల్లలకు వేసవి శిబిరం, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, ఫీజు లేదు అని కాగితం అంటించారు. ఆ కాగితం జిరాక్స్ తీసింది కూడా నేనే. 148 రూపాయల్లో కొంతయినా రాబడదామని పాపను తీసుకుని రోడ్డు దాటాను.

ముందు ఆ శిబిరం సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ లైబ్రరీలో బాగా నడిచేది అదే. మొదటి రోజు పదకొండు మంది పిల్లలు, వారం తిరిగేసరికి ముప్ఫైకి పైన. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన రోజూ ఒక పద్యం చెప్పించేవారు. చెస్ బోర్డులు నాలుగు, అందులో ఒకదానికి నల్ల గుర్రం లేదు, దాని బదులు సీసా మూత. బొమ్మలేయడం, కాగితంతో పూలు చేయడం లాంటివి ఎక్కడైనా ఉంటాయి. నాకు నచ్చింది చివరి అరగంట. పిల్లలంతా అలమర్ల దగ్గరికి వెళ్లి ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు తీసుకుని నేల మీద కూర్చుని చదవాలి. ఏది తీసుకోవాలో సారు చెప్పరు. ఒకడు రోజూ అట్లాసే తీసేవాడు. మా పాప మూడు రోజులు పుస్తకాల బొమ్మలు తిరగేసి నాలుగో రోజు 'బుడుగు' దగ్గర ఆగింది. ముళ్లపూడి వెంకటరమణ గారి రాత, బాపు గారి బొమ్మలు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నన్నెవరేమన్నా అనడానికి వీల్లేదు, "అంటే నేను ప్రైవేటు చెప్పేస్తాను" అని మొదలుపెడుతుంది. పదకొండు గంటలకు పిల్లల్ని పంపించేటప్పుడు సారు ఒక్కొక్కరినీ "ఎక్కడి దాకా వచ్చావు?" అని అడుగుతారు. ఎన్ని పేజీలు అని అడగరు, కథలో ఎక్కడ ఉన్నావు అని. పిల్లలు నిలబడి కథంతా చెప్పేస్తారు. వెనకాలవాళ్లు "అప్పుడే చెప్పకు" అని గోల.

నేను సభ్యురాలినయ్యింది పాప పోరు పడలేకే. కాగితం నింపాలి, ఆధార్ జిరాక్స్ (అది మన దగ్గరే ఉంది), వంద రూపాయలు డిపాజిట్. మానేసినప్పుడు తిరిగి ఇస్తారు. పుస్తకం పదిహేను రోజులు ఉంచుకోవచ్చు. ఇంకా కావాలంటే తెచ్చి చూపించి మళ్లీ తేదీ వేయించుకోవాలి. మా ఆయన "వంద రూపాయలా?" అన్నాడు. ఆయన ఆటోకి ఒక్కరోజు పెట్రోలుకు అంతకు నాలుగింతలు పోతుంది, ఏమీ అనకుండా రాసిచ్చాను.

ఇక అసలు విషయం, ఏ పుస్తకం చదవాలో చెప్పడం. పుస్తకాల గది ఎంత పెద్దదయినా నాలాంటి మనిషికి భయమే. నేను ఇంటర్ దాకా చదివాను, పెళ్లయ్యాక చదివింది వారపత్రికల సీరియళ్లు. అలమర్ల మధ్య నిలబడితే చీరల కొట్లో డబ్బుల్లేకుండా నిలబడ్డట్టు ఉంటుంది. సారు బల్ల దగ్గర్నుంచే చూసి, "చివరిసారి చదివినదేంటమ్మా?" అన్నారు. సీరియల్ పేరు చెప్పడానికి సిగ్గుపడి, "టైముండదు సార్, షాపు మూసి వంట చేసి అన్నీ అయ్యేసరికి పది" అన్నాను. "అయితే పదింటికి మొదలుపెట్టి పన్నెండుకి ఆపగలిగేది ఇస్తాను" అని లోపలికి వెళ్లి ఒక పల్చటి పుస్తకం తెచ్చారు. కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. ఆయన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారని, రాసింది మాత్రం చిత్తూరు వైపు మనుషుల గురించని అక్కడే చెప్పారు.

ఒక ముసలాడు పందుల్ని మేపుకుంటాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది అడవిలో తప్పిపోతుంది. వెతుక్కుంటూ వెళ్తాడు, రాత్రంతా. అంతే కథ. పన్నెండుకి ఆపగలనని సారు ఎలా అనుకున్నారో గానీ ఒంటిగంటన్నర దాకా ఆపలేకపోయాను. మర్నాడు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆమెకు కళ్లు ఆనవు, పొర కమ్మింది, ఆపరేషనంటే భయం. చిన్నప్పుడు వాళ్ల పుట్టింట్లో గేదెలు, మేకలు. వింటూ వింటూ "ఈనేముందు ఏ జంతువైనా అంతే, కన్నబిడ్డ లాగా పెంచినవాణ్ణయినా దగ్గరికి రానీదు. రాసినాయన చూసే రాశాడు" అంది. పొగడ్త అంటే అదీ. సారుకు చెబితే, "ఈ మాట సాహిత్య సభల్లో కూడా అనరమ్మా" అని నవ్వారు.

అయితే ఆయన చెప్పినవన్నీ తగిలాయని కాదు. రెండోసారి నా ఊపు చూసి 'వేయిపడగలు' చేతిలో పెట్టారు. విశ్వనాథ సత్యనారాయణ గారు అంత పెద్ద పుస్తకాన్ని 29 రోజుల్లో చెబుతూ రాయించారట. నాకు అదే 29 రోజుల్లో నలభై పేజీలు దాటలేదు. రెండుసార్లు తేదీ వేయించుకుని తిరిగి ఇచ్చేశాను. అది పుస్తకం తప్పు కాదని తెలుసు. కానీ నాలుగు రోజుల క్రితమే ఈత నేర్చుకున్న మనిషిని కృష్ణలో దించకూడదు. ఈ మాట సారుతో అంటే ఒప్పుకున్నారు. ఇలా ఒప్పుకునే కొట్టువాళ్లు తక్కువ. నచ్చకపోతే మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చేయండి, ఎందుకు నచ్చలేదో చెప్పండి. తర్వాత ఇచ్చేది దాన్నిబట్టి మారుతుంది. నాకు మూడోసారి 'ఏడు తరాలు' ఇచ్చారు, దాని సంగతి చివర్లో.

పుస్తకాల పరిస్థితి మాటకొస్తే, పాతవి ఎక్కువ, కొత్తవి తక్కువ. కొత్తగా కనిపించే వాటిలో చాలా వాటి మీద రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ముద్ర ఉంటుంది. కోల్‌కతాలోని సంస్థ, 1972లో పెట్టారట, దేశమంతా లైబ్రరీలకు పుస్తకాలు పంపిస్తుంది. ప్రతి పుస్తకం వెనకాల తేదీల చీటీ అంటించి ఉంటుంది. నేను కాగితాల మనిషిని కాబట్టి పుస్తకం తీయగానే ముందు చూసేది ఆ చీటీనే. గమనించారా, దాని మీద ఊరి చరిత్ర ఉంటుంది. ఒక డిటెక్టివ్ నవలకు చీటీ మీద చీటీ, మూడు అంటించారు, వారానికొక ముద్ర. అదంతా 1990లలో. తర్వాత ముద్రల మధ్య నెలలు, తర్వాత ఏళ్లు. చివరి ముద్ర 2009. ఊదారంగు సిరా వెలిసిపోయి గులాబీ రంగుకు వచ్చింది. నేను తీసుకున్న 'అతడు అడవిని జయించాడు'కి నా ముందు తేదీ 2011 మార్చి. అంత మంచి పుస్తకం పన్నెండు పదమూడేళ్లు ఊరికే కూర్చుంది, అందులో పదకొండేళ్లు నా షాపుకు నలభై అడుగుల దూరంలో.

ఇంకొకటి చూసి ఒళ్లు మండింది. వంటల పుస్తకంలో ఊరగాయల పేజీలు లేవు. బ్లేడుతో శుభ్రంగా కోసేశారు, కుట్టు దగ్గర సన్నటి అంచు మిగిలింది. పేజీ జిరాక్స్ రెండు రూపాయలు. ఎదురుగా షాపుండగా బ్లేడు కొనుక్కొచ్చి కోసుకుపోయిన ఆ మహాతల్లికో మహానుభావుడికో దండం. ఆవకాయ కుదరకూడదని కోరుకున్నాను కూడా.

చదివే హాలు పొద్దున పూట పెద్దవాళ్లది. పేపర్ల బల్ల చుట్టూ పదిమంది. వాళ్లకొక పద్ధతి ఉంది. మెయిన్ పేపరు ఒకరికి, జిల్లా పేజీలు ఒకరికి, ఆటల పేజీ ఇంకొకరికి. ఎవరూ చెప్పకుండానే చేతులు మారుతుంటాయి. కొత్తగా వెళ్లినవాళ్లు జిల్లా పేజీ ముందుగా లాక్కుంటే ఎవరూ ఏమీ అనరు, అందరూ ఒక్కసారి తలెత్తి చూస్తారు, అంతే. సాయంత్రం పూట పిల్లలది, అంటే ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లది. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్. వాళ్లు లైబ్రరీ పుస్తకాలు ముట్టరు, సొంత పుస్తకాలు తెచ్చుకుంటారు. వాళ్లకు కావాల్సింది ఫ్యాను, లైటు, ఇంట్లోవాళ్లు పిలవని ఒక కుర్చీ. కుర్చీలు ఇరవై నాలుగు, నోటిఫికేషన్ పడితే వచ్చేవాళ్లు నలభై. మెట్ల మీద కూడా కూర్చుంటారు. నా వ్యాపారంలో సగం ఈ పిల్లలదే కాబట్టి వాళ్ల మీద ఒక్క మాట కూడా అనను. కానీ ఏడింటికి మూసేయడం మాత్రం వాళ్లకు అన్యాయం. ఏడింటికి చదువు అప్పుడే పట్టాలెక్కుతుంది. మూశాక కొంతమంది నా షాపు ముందు లైటు కింద నిలబడి చదివిన రోజులున్నాయి. తొమ్మిది దాకా నేను షట్టరు వేయను, అదీ ఒక కారణం.

బల్ల మీద "పాఠకుల సూచనలు" అని ఒక నోటు పుస్తకం తాడుతో కట్టి ఉంటుంది. తిరగేయండి, ఏ కథల పుస్తకానికీ తీసిపోదు. వరసగా పది పేజీలు కరెంట్ అఫైర్స్ కావాలి, కొత్త సిలబస్ పుస్తకాలు కావాలి. మధ్యలో ఒక పెద్దాయన చేతిరాత: "దోమలు." అంతే, ఒక్క మాట, సంతకం. ఆయనే ఆర్నెల్ల తర్వాత: "దోమలు, పూర్వము వ్రాసినట్లు." ఒక పిల్ల పెన్సిలుతో "దెయ్యాల కథలు కావాలి భయం వెయ్యనివి" అని రాసింది. ఈ నోటు పుస్తకంలో రాసినవి పైకి వెళ్తాయి, ఎప్పుడో ఒకప్పుడు కొన్ని వస్తాయి కూడా. రాయకపోతే మాత్రం రావు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఇక్కడే నాకు కోపం. ఏడు రోజుల్లో పుస్తక ప్రదర్శన పెట్టిన రోజు, కథ చెప్పే పోటీ రోజు బ్రహ్మాండంగా ఉన్నాయి. పాత అట్టపెట్టెల్లోంచి తీసి బల్లల మీద పరిచిన పుస్తకాలు చూడ్డానికి, ఎన్నడూ రాని ఆడవాళ్లు పాలకేంద్రం నుంచి వస్తూ వస్తూ క్యాన్లతో ఆగారు. ఆడవాళ్లకు ముగ్గుల పోటీ ఉంటుంది. లైబ్రరీకీ ముగ్గుకీ ఏం సంబంధమని నేనూ అనుకున్నాను, కానీ ముగ్గు వేయడానికి వచ్చినవాళ్లలో ఇద్దరు సభ్యత్వం తీసుకున్నారు, కాబట్టి నోరు మూసుకున్నాను. నా గొడవ ముగింపు రోజు గురించి. పదింటికి సభ అన్నారు. పిల్లలు తొమ్మిదిన్నరకే యూనిఫాంలో వచ్చి ఎండలో వరసల్లో కూర్చున్నారు. ముఖ్య అతిథి పన్నెండుకు వచ్చారు. తర్వాత శాలువాలు. తర్వాత ఎనిమిది మంది ఉపన్యాసాలు, అందరూ పుస్తకం హస్తభూషణం అన్నవాళ్లే. చివరికి బహుమతులు. కథ చెప్పే పోటీలో మా పాపకు రెండో బహుమతి వచ్చింది. ఏమిచ్చారు? స్టీలు డబ్బా. మొదటి బహుమతి పెద్ద స్టీలు డబ్బా. లైబ్రరీ వారోత్సవాల్లో చదివినందుకు డబ్బా! నేను పైకే అనేశాను. పక్కనున్నావిడ "మూత గట్టిగానే ఉందిలే వదినా" అంది. గట్టిగానే ఉంది, కందిపప్పు పోశాను. అయినా యాభై రూపాయల కథల పుస్తకం ఇచ్చుంటే పాప ఇప్పటికీ పది మందికి చూపించేది.

ఇంకో రెండు లోపాలు గబగబా చెప్పేస్తాను. ఆడవాళ్ల బాత్రూం తాళం చెవి బల్ల సొరుగులో ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఇరవై ఏళ్ల ఆడపిల్ల అంతమంది మగపిల్లల ముందు వెళ్లి అడగదు. నా షాపు వెనక మా ఇల్లు ఉంది కాబట్టి చాలామంది అక్కడికే వస్తారు. రెండోది, సారు ఒక్కరే. పక్క ఊరి శాఖకు కూడా ఆయనే ఇన్‌ఛార్జి. ఆయన అక్కడికి వెళ్లిన రోజు ఇక్కడ తలుపులు తీస్తారు, పేపర్లు వేస్తారు, పుస్తకం మాత్రం ఇవ్వరు. మీరు వెళ్లేముందు ఆయన ఏ రోజుల్లో ఉంటారో అడిగి వెళ్లండి. ఐదుకి నాలుగు మార్కులు ఇద్దామనే కూర్చున్నాను, ఆ తాళం చెవి వల్ల మూడున్నర.

గోడ మీద అయ్యంకి వెంకటరమణయ్య గారి ఫొటో ఉంది. ఎవరో పాత నాయకుడనుకునేదాన్ని. 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లందరినీ పోగేసి సభ పెట్టించిన మనిషట. దాని కింద ఇంకో చిన్న ఫొటో, పాతూరి నాగభూషణం గారిది. ఆయన కథ నాకు బాగా పట్టింది. 1935లో మా కృష్ణా కాలువల మీదే పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పించారట. పడవల్లో గంటలకు గంటలు కూర్చుని ప్రయాణం చేసేవాళ్లకు చదువుకోవడానికి పుస్తకం. నేను అది విన్న సాయంత్రమే సారుతో అన్నాను, "సార్, పడవ లేదు గానీ నా షాపు ముందు కూడా మనుషులు ఊరికే నిలబడే ఉంటారు." నిజమే కదా, ఆధార్ ప్రింటు వచ్చేదాకా, సర్వరు దొరికేదాకా ఫోన్ చూసుకుంటూ నిలబడతారు.

అలా మొదలైంది "ఈ వారం పుస్తకం" కాగితం. సారు ఒక పుస్తకం గురించి నాలుగు వరసలు రాసిస్తారు, నేను పెద్ద అక్షరాల్లో టైపు చేసి షట్టరు పక్కన అంటిస్తాను. షరతు ఒక్కటే పెట్టాను, "విశిష్టమైన", "అద్భుతమైన" అనే మాటలు ఉండకూడదు. ఏముందో చెప్పాలి, ఎన్ని పేజీలో చెప్పాలి. మొదటి కాగితం మా ముసలాడి కథ మీదే: "కథ నడిచేది ఒక్క రాత్రి. చదవడానికీ ఒక్క రాత్రి చాలు. పంది ఉంది, అడవి ఉంది, ప్రేమకథ లేదు." ఆ వారం ఇద్దరు అడిగి తీసుకున్నారు. అందులో ఒకాయన ట్రాక్టరు డ్రైవరు, టీకాల కార్డు జిరాక్స్‌కి వచ్చి చదివి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు. కార్డు నా దగ్గరే మర్చిపోయాడు. తర్వాతి వారం సారు కవిత్వం పెట్టారు, ఎవరూ కదల్లేదు. ఇద్దరం నేర్చుకుంటున్నాం.

మధ్యలో ఒకరోజు పాపను చీరాల దగ్గర వేటపాలెం తీసుకెళ్లాను, సారు చెప్పగా చెప్పగా. సారస్వత నికేతనం 1918 నాటిది. 1929లో గాంధీ గారు వచ్చారట, ఆయన చేతికర్ర అక్కడ దాచిపెట్టారు. పాప కర్ర ముందు చాలాసేపు నిలబడింది. నేను పాత పేపర్ల బైండింగుల ముందు నిలబడ్డాను. ఆ కాగితం ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉంది, జిరాక్స్ మిషను మీద పెడితే ఇక అంతే సంగతులు. వచ్చేటప్పుడు జీడిపప్పు అరకిలో కొన్నాం. మీరు అటు వెళ్తే రెండు పనులూ అవుతాయి. మా శాఖతో దాన్ని పోల్చను, పెద్దమ్మను పాపతో పోల్చినట్టుంటుంది.

'ఏడు తరాలు' సంగతి చెప్తానన్నాను. అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'కి సహవాసి గారి తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. రోజుకు పది పేజీలు మా అత్తగారికి చదివాను. కుంటా కింటే మద్దెల చేసుకోవడానికి కట్టె కోసం అడవికి పోయి బందీ అయిపోయిన చోట ఆమె "ఆపు, ఇవాల్టికి చాలు" అంది. మర్నాడు నేను షాపులో ఉండగానే పాపను పంపించింది, "తప్పించుకున్నాడేమో చూసి చెప్పమంది నాన్నమ్మ." గిరాకీ మధ్యలో ఏం చూస్తాను? చూడలేదన్నాను. కాసేపటికి ఆమే కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ల ఆపరేషను గురించి డాక్టరు చెప్పినా, కొడుకు చెప్పినా వినని మనిషి, ఆ రాత్రి "ఆపరేషనైతే నాకు నేను చదువుకోవచ్చా?" అని మా ఆయన్ని అడిగింది. నెలాఖరుకు తేదీ తీసుకున్నాం.

పదిహేను రోజులకు పుస్తకం అవలేదు. మళ్లీ తేదీ వేయించాను. మళ్లీ అవలేదు. మూడోసారి వెళ్తే చీటీలో గడి ఖాళీ లేదు, చివరి మూడు ముద్రలూ మావే. కొత్త చీటీ కోసం సారు సొరుగులన్నీ వెతికారు. అచ్చు చీటీలు ఎప్పుడో అయిపోయాయట, పైనుంచి రావాలి. మిగిలిన ఆఖరి ఖాళీ చీటీ దేనికో పనికిరాకుండా సగం చిరిగి ఉంది. అది పట్టుకుని ఆయనే రోడ్డు దాటి షాపుకు వచ్చారు. చిరుగును వెనకనుంచి టేపు వేసి కలిపాను. ఆ గీత ప్రింటులో పడకుండా మిషను కాస్త లైటుగా పెట్టి, ఏ4 కాగితానికి నాలుగు చొప్పున వచ్చేలా సర్ది, ముందు ఒక కాపీ తీసి చూపించాను. బాగుందన్నారు. పాతిక కాగితాలు తీశాను, వంద చీటీలయ్యాయి.